రేపల్లె పెళ్ళికి కప్పకళ్ళ కారు

రేపల్లె నుంచి తిరిగొచ్చి వారమైంది. అక్కడ ఏం చూశావని అడిగిన ప్రతివాళ్ళకీ రెండు బల్బులు చూశానని చెబుతున్నాను. సముద్రం కూడా చూశాను గాని, బల్బుల్ని చూసినంత సేపు చూడలేదు.

నాకొక పాత స్పోర్ట్స్ కారు ఉంది. ఎర్రది, జపాన్‌లో పుట్టింది, వయసు ముప్పై దాటింది. ఇరవై నాలుగేళ్ళ కిందట బెంగళూరులో ఒకాయన అమ్ముతుంటే, అప్పటిదాకా దాచుకున్నదంతా పోసి కొన్నాను. సీట్లు రెండే. చాప పరుచుకుని కూర్చున్నట్టు కూర్చోవాలి. హెడ్‌లైట్లు మామూలుగా బయటికి కనిపించవు. స్విచ్చి నొక్కితే బానెట్ మీద రెండు మూతలు లేచి, కప్ప కళ్ళు తెరిచినట్టు తెరుచుకుంటాయి. తెరుచుకోవడం ఘనంగానే ఉంటుంది. ఆ తర్వాత వచ్చే వెలుతురు మాత్రం రెండు అగరువత్తులు వెలిగించినట్టు ఉంటుంది. అందుకే అనంతపురంలో పొద్దుగూకాక నేను దాన్ని బయటికి తీయను. దాని స్టీరింగు నేను తప్ప ఇంకెవరూ పట్టుకోకూడదన్నది నా ఇంకో నియమం. మా ఆవిడ ఒకే ఒకసారి అడిగి, నా మొహం చూసి, మళ్ళీ అడగలేదు.

బ్యాంకులో నాతో పనిచేసిన ప్రకాశరావుది రేపల్లె. అతను మా ఊళ్ళో ఉద్యోగం చేసే రోజుల్లో కూతురు కృపకు ఏడేళ్ళు. ఒక ఆదివారం నా కారులో తిప్పి తీసుకొస్తే, దిగనని మొండికేసి, "నా పెళ్ళికి ఈ కారే కావాలి" అంది. సరేనమ్మా అన్నాను. ఏడేళ్ళ పిల్లతో ఎవరైనా అలాగే అంటారు. మొన్న డిసెంబరులో ఆ పిల్లే ఫోన్ చేసింది.

"మావయ్యా, జనవరిలో నా పెళ్ళి. కారు సంగతి గుర్తుందా?"

పెళ్ళి రేపల్లె చర్చిలో సాయంత్రం నాలుగింటికి. అది అయ్యాక పెళ్ళికొడుకు ఊరికి వెళ్ళాలి. పన్నెండు కిలోమీటర్లు, అదీ కాలవగట్టు మీద, చీకటి పడే వేళ. అగరువత్తులతో అయ్యే పని కాదు.

మోకాళ్ళ నొప్పులని మా ఆవిడ రానంది. వస్తానని మా అక్క సరళ బయల్దేరింది. అక్కకు అరవై నాలుగేళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. "ఏమిరా, దీంట్లో కూర్చోవాల్నా, పండుకోవాల్నా?" అని అడుగుతూనే ఎక్కింది. మొదటి రోజంతా నడిపి గుంటూరులో ఆగాం. మరునాడు పొద్దున్నే తెనాలి చేరాం.

తెనాలి: పెసరట్టు, ఆ పైన బల్బులు

తెనాలిలో మా కారు ఆగిందంటే అది నా గొప్ప కాదు. ముందు ఆటో, వెనక బస్సు, అటూ ఇటూ స్కూటర్లు. ఎటూ కదలలేక ఆగింది. ఎదురుగా టిఫిన్ హోటలు కనిపించింది. ఇక అక్కను బయటికి తీయాలి. నేను ఒక చెయ్యి పట్టుకుని లాగుతుంటే, కూరగాయల సంచులతో పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు సంచులు కింద పెట్టి మరీ వచ్చారు.

"ఉండండి బాబుగారూ, మీకు తెలీదు. అక్కా, మా భుజాల మీద చేతులేసి లెగండి. ఒకటి, రెండు..."

మూడు అనేలోగా అక్క రోడ్డు మీద నిలబడింది. వాళ్ళు సంచులు తీసుకుని, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయారు. మా వైపు ఇలాంటి సాయం ముందు నలుగురు చేరి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని మాట్లాడాక జరుగుతుంది. ఇక్కడ ముందు లేపేసి, అడగడం కూడా మర్చిపోయారు.

అరవై రూపాయల పెసరట్టు కడుపులో ఉప్మా పెట్టుకుని వచ్చింది. పొద్దున్న ఉగ్గాని, బజ్జి తినే ప్రాణాలు మావి. అక్క అల్లప్పచ్చడి నాలిక మీద పెట్టుకుని ఆగిపోయింది.

"పచ్చట్లో బెల్లమేందిరా?"

వడ్డించే ఆయన నొచ్చుకున్నాడు. "పడాలండి. బెల్లం పడకపోతే అల్లం ఊరుకోదండి."

అక్క రెండో పెసరట్టు చెప్పింది. పచ్చడి మూడుసార్లు వేయించుకుంది.

బల్బులు అమ్మే దుకాణం ఆ వీధిలోనే ఉంది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న పెద్దాయన కౌంటరు వెనక ఉన్నాడు. వెలుతురు బాగా ఎక్కువ ఉండే బల్బులు కావాలన్నాను.

"ఎంత ఎక్కువండి?"

"ఎంత ఉంటే అంత."

రెండు పెట్టెలు ముందు పెట్టాడు. "ఇది అరవై వాట్లు, మీకు కంపెనీ ఇచ్చిందే. ఇది నూరు. మామూలుగా ఎవరికీ ఇవ్వనండి. పాత బండి కదా, వైరింగ్ చూపించుకున్నారా?"

ఆ చివరి మాట నాకు బాగానే వినపడింది. వినపడనట్టు నూరు వాట్ల జత తీసుకున్నాను. జిడ్డు అంటితే బల్బు పాడవుతుంది, గాజు మీద వేలు తగలనివ్వొద్దని కూడా ఆయన చెప్పాడు. నేను పాత బల్బు ఊడదీసేలోగా, అక్క కొత్త బల్బుల్ని చీర కొంగుతో శుభ్రంగా తుడిచి చేతికిచ్చింది.

బిగించడం అరగంట పని. తుప్పు పట్టిన ఒక్క మర వల్ల సాయంత్రం ఐదైంది. చుట్టూ చేరిన జనానికి మాత్రం విసుగు రాలేదు. సైకిలు పట్టుకున్న ఒక తాతగారు, "ఏదీ బాబూ, ఇంకోసారి కళ్ళు తెరిపించండి" అని నాలుగుసార్లు అడిగాడు. నేను నాలుగుసార్లూ తెరిపించాను.

పొన్నూరు దాటాక: పావుగంట వైభవం

పెళ్ళి ఎల్లుండి. ఈలోగా సముద్రం చూడాలని అక్క పట్టు. అందుకని బాపట్ల దారి పట్టాం. పొన్నూరు దాటేసరికి పొద్దు పోయింది. స్విచ్చి నొక్కాను.

రోడ్డు మొత్తం తెల్లబడింది. కాలవ అవతల తాటిచెట్ల తలలు కనబడ్డాయి. గట్టు మీద కొంగలు తెల్లారిందనుకుని లేచాయి. ఇరవై నాలుగేళ్ళుగా ఈ కారు నడుపుతున్నాను, రోడ్డు మీద ఏముంటుందో ఆరోజే చూశాను.

ఎదురొచ్చేవాళ్ళు మాత్రం అంత సంతోషించలేదు. స్కూటర్లు పక్కకు దిగిపోయాయి. ఒక కారతను లైట్లు కొట్టి కొట్టి, చివరికి తనే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వడ్ల లారీ ఒకటి సరిగ్గా నా పక్కకు వచ్చి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి పాతాళంలో ఉన్న నన్ను వెతుక్కుని చూశాడు.

"ఏంటి గురువుగారూ, ఈ రోడ్డు మీద మీ ఒక్కరికే కళ్ళున్నాయా?"

సమాధానం అక్క చెప్పింది. "వాడు చెప్పేది సరిగ్గానే ఉంది కదరా!"

లైటు దించాను. దించినా పెద్ద తేడా లేదు. ఇంకో ఐదు నిమిషాలు పోయాక అక్క ముక్కు ఎగబీల్చింది.

"ఎవరో వడలు మాడ్చినారు."

వడలు కాదు. స్టీరింగు కింద నుంచి సన్నటి పొగ వస్తోంది. నేను బ్రేకు మీద కాలు వేసేలోగా లైట్లు రెండూ ఆరిపోయాయి. పక్కకు తీసి బ్యాటరీ తీగ ఊడబెరికాక గాని పొగ ఆగలేదు. కారు మాత్రం రెండు కళ్ళూ తెరిచి చీకట్లోకి చూస్తూ నిలబడింది.

నాట్లు వేసి ఇళ్ళకు పోతున్న ఆడవాళ్ళతో ఒక ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు దిగి సంగతి విన్నాడు. "బాపట్ల ఎనిమిది కిలోమీటర్లేనండి. కాలిన తీగ జోలికి పోకండి, ఇంజిను ఆడితే చాలు. నా ఎనకే రండి. మస్తాన్ గారి షాపు దగ్గర దించుతా" అన్నాడు. లైట్ల ఫ్యూజు పీకేసి, బ్యాటరీ తీగ తగిలించి బయల్దేరాను. ఆటో వెనక వైపు కూర్చున్న ముగ్గురు ఆడవాళ్ళు సెల్‌ఫోను లైట్లు వేసి మాకు దారి చూపించారు. స్పోర్ట్స్ కారు ఇరవై కిలోమీటర్ల వేగంతో ఆటో వెనక నడిచింది. దారి పొడుగునా వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. ఒకామె చెయ్యి నోటికి అడ్డం పెట్టి అరిచింది:

"బాబుగారూ, ఇంజినూ ఆగిపోద్దేమో, ఎడ్లను కట్టమంటారా?"

నాకంటే ముందు అక్క నవ్వింది. అది నాకు లారీ డ్రైవరు మాటకంటే ఎక్కువ తగిలింది.

బాపట్ల: మస్తాన్ గారి వైద్యం

మస్తాన్ గారు బండ్ల ఎలక్ట్రీషియన్. అరవై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. మరునాడు పొద్దున్న కారు చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు వెనక్కి పెట్టుకునే అడిగాడు.

"ఎవరు పెట్టారండి ఈ బల్బులు?"

"నేనే."

"అట్టా చెప్పేవాళ్ళు తక్కువండి. అందరూ తెనాల్లో ఎవరో పెట్టారంటారు."

బల్బు వెనక ఉండే ప్లాస్టిక్ సాకెట్టు పాకంలా కరిగి చేతికి వచ్చింది. గాజు మీద మచ్చ చూసి, "తుడిచిందెవరు?" అన్నాడు. అక్క అటు తిరిగి గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టింది.

కాలిన తీగ ముక్క మార్చి, నా పాత అరవై వాట్ల బల్బులే తగిలించి, మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులు. బల్బు దగ్గర పది.

"బల్బు మంచిదేనండి. దానికి అన్నం అందట్లేదు."

అక్కకు లెక్క దొరికింది. వేలితో బానెట్ దుమ్ము మీద రాసింది. "పది బై పన్నెండున్నర, దాని వర్గం. నూటికి అరవై నాలుగు."

"పవరు అంతేనమ్మా. వెలుతురు ఇంకా పడిపోద్ది, సగం కూడా రాదు" అని, మస్తాన్ గారు నా వైపు తిరిగాడు. "మాకిక్కడ కాలవ చివరి పొలాలుంటాయి చూడండి. పైన నిండుగా వదులుతారు. కాలవలో పూడిక, గండ్లు. చివరికి వచ్చేసరికి పాదం తడవదు. నీళ్ళు రాలేదని రైతు ఇంకో రెండెకరాలు నాటు వేస్తే ఏమవుద్ది? మీరు చేసింది అదే."

మా ఊరి వైపు కాలవ మొదలే లేదు, చివర సంగతి మాకేం తెలుస్తుంది? అయినా అర్థమైంది. ముప్పై ఏళ్ళ సన్నటి తీగ, దాని మీద అరిగిపోయిన స్విచ్చి. కరెంటంతా ఆ స్విచ్చి గుండానే పోవాలి. మస్తాన్ గారు బ్యాటరీ నుంచి నేరుగా లైట్లకు లావు తీగ వేస్తానన్నాడు. మధ్యలో ఫ్యూజు, స్విచ్చి చెప్పినట్టు కరెంటు వదిలే రిలే.

"కాలవ లాకు దగ్గర మనిషికి తలుపు ఎత్తమని చెప్పడమే ఇక మీ స్విచ్చి పని. నీళ్ళు మొయ్యడం దాని పని కాదు."

ఆయన పని చేసుకుంటుంటే మేం ఆటోలో సూర్యలంక వెళ్ళాం. దారంతా రెండు పక్కలా నీళ్ళే. "ఇన్ని నీళ్ళు ఊరికే పోతాంటే వీళ్ళకు నిద్ర ఎట్ల పడతాదిరా" అంది అక్క. సముద్రం దగ్గర పాదాలు తడుపుకుంటానని దిగి ఒక చెప్పు అలకు ఇచ్చింది. వేయించిన చేప ముక్కలు అమ్మే ఆవిడ తన దగ్గరున్న పాత జత తీసి, "ఏసుకెళ్ళండమ్మా, సముద్రం నాకూ ఒకటి ఇచ్చుద్దిలే ఎప్పుడో" అంది. వద్దన్నా వినలేదు. చేపలకు మాత్రమే డబ్బులు తీసుకుంది.

మార్తమ్మ గారి గోడ

మేం తిరిగొచ్చేసరికి మసక పడుతోంది. లైట్లు ఎటు చూడాలో దిద్దాలంటే చదునైన గోడ కావాలి. మస్తాన్ గారి షాపుకు ఎదురుగా ఒక ఇల్లుంది. క్రిస్మస్‌కు సున్నం వేసిన తెల్లటి ప్రహరీ. కారును ఇరవై ఐదు అడుగుల దూరంలో పెట్టి, లైట్లెంత ఎత్తులో ఉన్నాయో టేపుతో కొలిచి, ఆయన గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. రెండో గీత గీస్తుండగా గేటు తెరుచుకుంది.

"ఏంటి మస్తానూ, నా గోడ మీద పటం గీస్తున్నావా?"

ఆవిడ మార్తమ్మ గారు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళికి పోయే కారని మస్తాన్ గారు చెప్పినా ఆవిడ ఊరుకోలేదు. ఎవరి పెళ్ళి, ఏ చర్చి, పిల్ల ఏం చదివింది అని అడిగి, ప్రకాశరావు చెల్లెలు తనతో కలిసి పాటల బృందంలో పాడిందని తేల్చుకున్నాక కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు.

లైట్లు వేశాం. అవే అరవై వాట్ల బల్బులు. గోడ పాలు పోసినట్టు వెలిగింది.

"ఎడమది కొంచెం దిగాల" అన్నారు మార్తమ్మ గారు.

"సరిపోయిందమ్మా" అన్నాడు మస్తాన్ గారు.

"ముప్పై ఐదేళ్ళు మందు చుక్కలు లెక్కపెట్టిన కళ్ళు ఇవి. దిగాల!"

అక్క స్కేలు పెట్టి కొలిచింది. అర అంగుళం దిగాలి. దించారు. గీతకు పైన చీకటి, కింద వెలుతురు. ఎదుటివాడి కంట్లో పడకుండా, రోడ్డు మీదే పడేట్టు. ఆ రాత్రి భోజనం మార్తమ్మ గారింట్లోనే. రొయ్యలు, గోంగూర. మా ఇంట్లో గోంగూరలో రొయ్య వేస్తే మూడు తరాలు మాట్లాడుకుంటారు. అక్క మాట్లాడకుండా తింది.

రేపల్లె: తాళంచెవి

మరునాడు మూడింటికల్లా చర్చి ముందుకు చేరాం. కారుకు మల్లెదండలు కట్టారు. పెళ్ళి చక్కగా జరిగింది. తెల్ల చీరలో కృపను చూసి, కారులోంచి దిగనన్న పిల్ల ఈమేనా అనిపించింది. పెళ్ళికొడుకు జీవన్ స్కూలు టీచరు, మెత్తటి మనిషి.

బయటికి వచ్చాక, ప్రకాశరావు కారు తలుపు తీసి లోపలికి తొంగి చూశాడు.

"రాజా, సీట్లు రెండే ఉన్నాయేంటి?"

"ఎప్పుడూ రెండేగా."

"మరి నువ్వు, పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు..."

నెల రోజులుగా లైట్ల గురించే ఆలోచించిన నాకు ఈ లెక్క తట్టలేదు. లెక్కలు చెప్పిన అక్కకూ తట్టలేదు. అందరూ జీవన్ వైపు చూశారు.

"నాకు సైకిల్ వచ్చండి" అన్నాడతను.

కృప చెయ్యి చాపింది. "నాకు లైసెన్సుంది మావయ్యా. ట్రాక్టర్ల కంపెనీలో నా ఉద్యోగమే నడిపి చూడటం."

ఆమె మేనత్త అడ్డం వచ్చింది. "పెళ్ళికూతురు కారు నడపడమేంటే? వాళ్ళ ఊళ్ళో ఏమనుకుంటారు?"

నాకు ఆ మేనత్త మీద అమితమైన గౌరవం కలిగింది. ఆవిడ గట్టిగా పట్టుబడితే నా కారు నా దగ్గరే ఉంటుంది. జేబులో తాళంచెవిని పిడికిట్లో బిగించి నిలబడ్డాను. వాళ్ళను ఇంకో కారులో పంపిద్దామని ఎవరో అన్నారు. కృప చాపిన చెయ్యి నెమ్మదిగా దించేసింది. అది చూశాక ఇక నావల్ల కాలేదు.

"రెండో గేరు కొంచెం మొరాయిస్తుందమ్మా" అని తాళంచెవి ఇచ్చేశాను.

కాలవ గట్టు

నేను, అక్క, ప్రకాశరావు చుట్టాల వ్యానులో ముందు సీట్లో కూర్చున్నాం. ఆరుంబావు. మంచు దిగుతోంది. నా కారు ముందు పోతోంది. దాన్ని వెనక నుంచి చూడటం నాకు ఇదే మొదటిసారి. అది మలుపు తిరిగినప్పుడల్లా నా కుడికాలు వ్యాను నేలను తొక్కుతోంది.

"కాలు తీయరా, అక్కడ బ్రేకు లేదు" అంది అక్క.

పదకొండు కిలోమీటర్లు పోయాక కారు వెనక ఎర్రలైట్లు ఒక్కసారిగా వెలిగాయి. మా డ్రైవరూ గట్టిగా బ్రేకు వేశాడు. ఇరవై మంది చుట్టాలు ఒకరి మీద ఒకరు పడ్డారు. నేను దిగి పరుగెత్తాను.

కారుకు పది అడుగుల ముందు ట్రాక్టరు ట్రక్కు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఇరుసు విరిగి, ధాన్యం బస్తాలు జారిపోయాయి. లైటు లేదు, వెలుతురుకు మెరిసే ఎర్ర అద్దం లేదు. మంచులో బూడిదరంగు బస్తాలు. ట్రాక్టరతను తువ్వాలు ఊపుతూ వచ్చాడు.

"నా తువ్వాలు చూసి ఆపారు, బతికించారు తల్లీ!"

"తువ్వాలు కనబళ్ళేదండి, బస్తాలు కనబడ్డాయి" అంది కృప. స్టీరింగు మీది చేతులు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. జీవన్ తలుపు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను కాలవ వైపు చూశాను. నీళ్ళు గట్టుకు నాలుగడుగుల కింద, నల్లగా. అగరువత్తుల వెలుతురులో ఈ పిల్లలిద్దరినీ పంపించి ఉంటే బస్తాలు కనబడేవి కావు. నేను వంగి, లైట్ల అద్దాల మీద మంచును చేతిగుడ్డతో తుడిచాను.

వ్యాను పోయే చోటు లేదు. నా కారు సన్నది గనక, బస్తాలు నాలుగు తప్పిస్తే బెత్తెడు సందుతో పోగలదు. ప్రకాశరావు "రా, రా, రా, ఆగు" అంటూ దారి చూపించాడు. అద్దం మడిచి, రెండో గేరు జోలికి పోకుండా, కృప దాన్ని అవతలికి తీసుకెళ్ళింది. గీత పడలేదు.

ఊరు ఇంకా కిలోమీటరు. చుట్టాలందరూ నడవాలి. గట్టు చీకటి. కృప కిటికీలోంచి తల బయట పెట్టి, "మీరంతా ముందు నడవండి, నేను వెనక లైటు చూపిస్తా" అంది.

అలా మా పెళ్ళి ఊరేగింపు తయారైంది. ఇరవై మంది పట్టుచీరలు ఎత్తి పట్టుకుని, బూట్లు చేత్తో పట్టుకుని ముందు. వెనక నా కారు, నడిచే మనుషుల వేగంతో. అక్క అందరికంటే ముందు నడిచింది. ఆమె నీడ రోడ్డంత పొడుగు సాగింది. మేనత్త పాట అందుకుంది. తర్వాత అందరూ అందుకున్నారు. నాకు ఆ పాట రాదు, అయినా పెదాలు కదిపాను. క్లచ్చి కాలుతుందేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. మూడోసారి చూడటం మర్చిపోయాను.

ఊరి మొదట్లో బాజాలు మోగాయి. జీవన్ తల్లి గులాబి దండ పట్టుకుని పరుగున వచ్చి, పెళ్ళికూతురు ఎడమ వైపు ఉంటుందని ఆ తలుపు తీసి, లోపలికి వంగి, వెలుతురు చాలక, అక్కడున్న మెడలో దండ వేసేసింది. ఆపైన నుదుటి మీద ముద్దు పెట్టబోయి ఆగింది.

"అమ్మా, నేనే" అన్నాడు జీవన్.

జనం గొల్లుమన్నారు. అవతలి తలుపు తెరుచుకుని, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, కృప దిగింది. మేనత్త పాట ఆపేసింది. ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారోనని అందరం నిలబడిపోయాం.

జీవన్ నాయనమ్మ కర్ర ఊనుకుంటూ ముందుకొచ్చింది. కారును చూసింది, మనవణ్ణి చూసింది, కృప గడ్డం పట్టుకుంది.

"దేవుడికి స్తోత్రం. మావాణ్ణి జాగ్రత్తగా తీసుకొచ్చావమ్మా."